స్పాంజి లెక్టిన్లు, తెల్ల రక్తకణాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

సముద్రపు స్పాంజిల్లో చక్కెరలను పట్టుకునే ప్రోటీన్లుంటాయి. అవి మన రోగనిరోధక కణాలను ఏం చేస్తాయన్న దానిపై వచ్చిన ఉత్తరాలకు ఈసారి శీర్షికంతా కేటాయించాం. ప్రయోగశాలల నుంచి వచ్చిన ప్రశ్నలకు వివరంగా, మిగతావాటికి క్లుప్తంగా జవాబిచ్చాం.

చక్కెరను పట్టుకునే ప్రోటీన్ అంటున్నారు. దీనికీ షుగర్ వ్యాధికీ ఏమైనా సంబంధం ఉందా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ)

లేదండి. ఇక్కడ చక్కెర అంటే రక్తంలో కరిగి తిరిగే గ్లూకోజ్ కాదు. మన ఒంట్లోని ప్రతి కణం పైపొర మీద ప్రోటీన్లకూ కొవ్వులకూ అతుక్కుని చిన్న చిన్న చక్కెర గొలుసులు ఉంటాయి. గాలక్టోజ్, మానోజ్, ఎన్-అసిటైల్ గ్లూకోసమైన్, చాలాచోట్ల చిట్టచివర సయాలిక్ ఆమ్లం. ఎ గ్రూపు రక్తానికీ బి గ్రూపు రక్తానికీ తేడా కూడా ఇలాంటి గొలుసు చివర ఉండే ఒక్క చక్కెరే: ఎ అయితే ఎన్-అసిటైల్ గాలక్టోసమైన్, బి అయితే గాలక్టోజ్.

ఈ గొలుసులను గుర్తుపట్టి అంటిపెట్టుకునే ప్రోటీన్లే లెక్టిన్లు. అవి చక్కెరను కోయవు, మార్చవు, కాబట్టి ఎంజైములు కావు. రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే యాంటీబాడీలూ కావు. 1888లో ఇప్పటి ఎస్టోనియాలోని టార్టులో పీటర్ స్టిల్‌మార్క్ ఆముదపు గింజల సారం ఎర్ర రక్తకణాలను గుంపుకట్టిస్తుందని చూపించడంతో ఈ శాస్త్రం మొదలైంది. లెక్టిన్ అన్న పేరు 1954లో విలియం బాయిడ్, ఎలిజబెత్ షాప్‌లీ పెట్టారు. మనం ఉడకబెట్టి తినే పనస గింజలో జాకలిన్ అనే లెక్టిన్ ఉంది. దాని స్ఫటిక నిర్మాణాన్ని 1996లో బెంగళూరు ఐఐఎస్‌సీలో విజయన్ బృందం ఛేదించింది. ఆ పరిశోధనలో మొదటి రచయిత శంకరనారాయణన్ తర్వాత హైదరాబాద్ సీసీఎంబీకి వచ్చారు. మన కాలేయం కూడా సూక్ష్మజీవుల మీది మానోజ్‌ను పట్టుకునే ఒక లెక్టిన్‌ను రక్తంలోకి వదులుతూ ఉంటుంది.

ఒక విషయం మాత్రం గుర్తుంచుకోండి, కింది జవాబులన్నిటికీ అదే ఆధారం. చాలా లెక్టిన్లలో చక్కెరను పట్టే చోట్లు రెండు, నాలుగు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఉంటాయి. అందుకే అవి రెండు కణాలను జతచేయగలవు, ఒకే కణం మీది రెండు గ్రాహకాలను దగ్గరకు లాగనూ గలవు.

స్పాంజికి రక్తం లేదు, తెల్లకణాలు లేవు. దానికి లెక్టిన్ ఎందుకు? (బీఎస్సీ విద్యార్థి, నెల్లూరు)

స్పాంజికి సొంత కణాలను గుర్తుపట్టుకోవాల్సిన అవసరం అందరికన్నా ఎక్కువ. 1907లో అమెరికాలో నార్త్ కరోలినా తీరాన హెన్రీ విల్సన్ ఒక ఎర్ర స్పాంజిని సన్నని పట్టుగుడ్డలోంచి పిండి విడి కణాలుగా చేశాడు. అవి సముద్రపు నీటిలో పాకి ఒకదానికొకటి చేరి మళ్లీ స్పాంజిగా మారాయి. ఈ కలయికను నడిపే పెద్ద అణువుకు చక్కెర గొలుసులు దండిగా ఉంటాయి, కాల్షియం లేకపోతే అది పనిచేయదు. మధ్యధరా సముద్రపు జియోడియా సిడోనియం మీద జర్మనీలో వెర్నర్ ముల్లర్ బృందం దశాబ్దాల పాటు పనిచేసి, ఈ అతుకులో గాలక్టోజ్‌ను పట్టే లెక్టిన్‌కు పాత్ర ఉందని చూపింది. ఆ లెక్టిన్ గాలెక్టిన్ కుటుంబానికి చెందింది. అదే కుటుంబపు ప్రోటీన్లు మన టి-లింఫోసైట్లను (తెల్ల రక్తకణాల్లో ఒక రకం, క్లుప్తంగా టి-కణాలు) అదుపులో పెడతాయి. స్పాంజి ప్రోటీన్ మనిషి కణం మీద పనిచేయడంలో వింత లేదన్నమాట.

రెండో పని రక్షణ. స్పాంజి రోజంతా నీటిని వడకడుతూ బతుకుతుంది, ఆ నీటి నిండా బ్యాక్టీరియా. వేటిని తినాలి, వేటితో కలిసి బతకాలి, వేటిని అడ్డుకోవాలి అన్నది వాటి పైనున్న చక్కెరలను బట్టి తేల్చుకోవచ్చు. స్పాంజిలో ఈ బ్యాక్టీరియా ఎంత ఉంటుందన్నది కింద ఒక ప్రశ్నలో పెద్ద తలనొప్పిగా మళ్లీ వస్తుంది.

లెక్టిన్ తగిలితే లింఫోసైట్ విభజన చెందుతుందని ఒక వ్యాసం, చచ్చిపోతుందని ఇంకో వ్యాసం. ఏది నమ్మాలి? (పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్)

రెండూ నమ్మవచ్చు. ఏ లెక్టిన్, ఏ కణం, ఆ కణం ఏ స్థితిలో ఉంది, మోతాదెంత అన్న నాలుగింటినీ కలిపి చదవాలి.

టి-కణం మీది గ్రాహకం, దాని పక్కనుండే సీడీ45, సీడీ43, సీడీ7 అన్నీ చక్కెర గొలుసులు మోసే ప్రోటీన్లే. నాలుగు చోట్ల పట్టగల లెక్టిన్ వాటిని దగ్గరకు లాగితే, అసలైన యాంటిజెన్ వచ్చినట్టు కణం లోపల సంకేతం మొదలవుతుంది. చిక్కుడు జాతి గింజల లెక్టిన్ పీహెచ్ఏ ఇలా లింఫోసైట్లను విభజన చేయిస్తుందని 1960లో పీటర్ నోవెల్ గమనించాడు. ఈనాటికీ పీహెచ్ఏ, కాన్‌కెనావలిన్-ఎ అనే మరో గింజ లెక్టిన్ ప్రతి ప్రయోగశాలలో పాజిటివ్ కంట్రోళ్లు, అంటే ప్రయోగం సరిగా నడుస్తోందని చూపే తెలిసిన నమూనాలు. అయితే అదే సీడీ45, సీడీ43, సీడీ7లను గాలెక్టిన్-1 పట్టుకుంటే ఉత్తేజితమైన టి-కణం తనను తాను చంపుకుంటుంది. గాలక్టోజ్ మీద 2,6 బంధంతో సయాలిక్ ఆమ్లం కప్పి ఉంటే గాలెక్టిన్-1కు పట్టు దొరకదు. విశ్రాంతిలో ఉన్న కణాలు తట్టుకోవడానికి ఇదొక కారణం. మీ లెక్టిన్ గాలక్టోజ్ రకం అయితే, కణాలను ముందుగా న్యూరమినిడేజ్‌తో (సయాలిక్ ఆమ్లాన్ని కోసేసే ఎంజైముతో) శుభ్రం చేసి ఒకసారి, చేయకుండా ఒకసారి పెట్టి చూడండి. పరస్పర విరుద్ధంగా కనిపించే ఫలితాల్లో కొన్ని అక్కడే విడిపోతాయి.

స్పాంజిల్లో రెండు మంచి ఉదాహరణలు బ్రెజిల్ పరిశోధకులు ఇచ్చారు. ఆక్సినెల్లా కొరుగేటా నుంచి తీసిన ఏసీఎల్-1 ఎన్-అసిటైల్ చక్కెరలను ఇష్టపడుతుంది. అది ఎలుకల న్యూట్రోఫిల్స్‌ను (మరో రకం తెల్లకణాలను) తనవైపు ఆకర్షిస్తుంది, ఎన్-అసిటైల్ గ్లూకోసమైన్ కలిపితే ఆ ఆకర్షణ తగ్గిపోతుంది. చక్కెర కలిపి ఆపడం అనే ఈ చివరి మెట్టు ఉండబట్టే ఆ ఫలితానికి విలువ. రెండోది క్లియోనా వేరియన్స్ నుంచి వచ్చిన సీవీఎల్. గాలక్టోజ్ రకం, కాల్షియం కావాలి. అది కే562 అనే లుకేమియా కణాల పెరుగుదలను మిల్లీలీటరుకు 70 మైక్రోగ్రాముల దగ్గర సగానికి తగ్గిస్తుంది, ఆరోగ్యవంతుల లింఫోసైట్లను మాత్రం అలా దెబ్బతీయలేదు. ఆసక్తికరమే, కానీ 70 మైక్రోగ్రాములు తక్కువేం కాదు. కాన్‌కెనావలిన్-ఎ ఎలుక ప్లీహ కణాలను 2 నుంచి 5 మైక్రోగ్రాములకే లేపుతుంది.

మీరు మొదలుపెట్టేటప్పుడు ఒక్క మోతాదుతో ఆగకండి. 0.1, 1, 10, 100 మైక్రోగ్రాములు పెట్టండి. విభజన కలిగించే లెక్టిన్ల గ్రాఫ్ సాధారణంగా మధ్యలో లేచి చివర పడిపోతుంది. 100 దగ్గర మాత్రమే చూసినవాళ్లు చంపుతుందని రాస్తారు, 5 దగ్గర చూసినవాళ్లు లేపుతుందని రాస్తారు.

మా కాలేజీలో ఎం.ఎస్సీ ప్రాజెక్టుగా స్పాంజి నుంచి లెక్టిన్ తీయాలనుకుంటున్నాం. పద్ధతి చెప్పండి. గతంలో ప్రయత్నిస్తే ఎర్రకణాలు గుంపుకట్టకుండా పగిలిపోయాయి. (అధ్యాపకురాలు, విశాఖపట్నం)

ముందు అనుమతి. సున్నపు ముళ్లున్న స్పాంజి జాతులను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాలో చేర్చారు. నీళ్లలో చూసి ఏది సున్నపుదో చెప్పడం తేలిక కాదు, కాబట్టి అటవీ శాఖకు రాసి, లిఖితపూర్వకంగా అనుమతి తెచ్చుకున్నాకే సేకరించండి. నమూనాను విదేశీ సహచరులకు పంపాలంటే 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద వేరే అనుమతులుంటాయి.

సేకరించిన స్పాంజిని వడకట్టిన సముద్రపు నీటితో కడిగి, రంధ్రాల్లో దాక్కున్న చిన్న పీతలు, పురుగులు, బార్నకిల్స్ అన్నీ ఏరేయండి. వాటికీ సొంత లెక్టిన్లున్నాయి. ఈ పనికి ఓపిక కావాలి, చాలామంది వదిలేస్తారు. చేతికి మందపాటి తొడుగులు వేసుకోండి, గాజు ముళ్లు చర్మంలో దిగితే వారం రోజులు మంట. నమూనాలో ఒక ముక్క గుర్తింపు కోసం ఆల్కహాల్‌లో, మిగతాది మైనస్ 20 లేదా మైనస్ 80 డిగ్రీల్లో.

100 గ్రాముల తడి స్పాంజికి 300 మి.లీ. చల్లటి బఫర్: 20 మిల్లీమోలార్ ట్రిస్, పీహెచ్ 7.5, 150 మిల్లీమోలార్ ఉప్పు, వాడే ముందు కలిపిన 1 మిల్లీమోలార్ పీఎంఎస్ఎఫ్ (ప్రోటీన్లను కోసే ప్రోటీయేజ్ ఎంజైములను ఆపేది). ఫాస్ఫేట్ బఫర్ వద్దు, తర్వాత కాల్షియం కలిపితే తెల్లగా విరిగి అడుగున పడుతుంది. ప్రోటీయేజ్‌లను ఆపే రెడీమేడ్ బిళ్లలు వాడేటట్లయితే ఈడీటీఏ లేనివే కొనండి. ఈడీటీఏ కాల్షియాన్ని లాగేసి, కాల్షియం ఆధారపడ్డ లెక్టిన్‌ను చచ్చినదానిలా చూపిస్తుంది. మిక్సీలో మంచుతో, ఆగి ఆగి రుబ్బి, మస్లిన్ గుడ్డలో వడకట్టి, 4 డిగ్రీల్లో 10,000 జి దగ్గర 30 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేయండి. పైన తేరిన ద్రవం లీటరుకు 436 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్ చొప్పున 0 డిగ్రీల దగ్గర కొద్దికొద్దిగా కలుపుతూ పోతే 70 శాతం సంతృప్తం వస్తుంది. ఒక్కసారిగా పోస్తే నురగ కట్టి ప్రోటీన్ పాడవుతుంది. రాత్రంతా ఉంచి, అడుగున చేరినదాన్ని కొద్ది బఫర్‌లో కరిగించి, డయాలసిస్ చేయండి, అంటే సన్నరంధ్రాల సంచిలో కట్టి బఫర్‌లో ఉంచి లవణాలను బయటికి పోనివ్వండి.

ఇప్పుడు గుచ్ఛీకరణ పరీక్ష, అంటే ఎర్రకణాలు గుంపుకడతాయో లేదో చూడటం. కుందేలు ఎర్రకణాలను ఉప్పునీటితో మూడుసార్లు కడిగి 2 శాతం మిశ్రమం చేసుకోండి. యు ఆకారపు అడుగున్న 96 వెల్స్ ప్లేటులో ప్రతి వెల్‌లో 50 మైక్రోలీటర్ల బఫర్ పోసి, మొదటి దాన్లో 50 మైక్రోలీటర్ల సారం కలిపి, సగం సగం పలుచన చేస్తూ చివరిదాకా వెళ్లండి. ఒక వరుసను సారం లేకుండా వదలండి. ప్రతిదానికి 50 మైక్రోలీటర్ల కణాలు చేర్చి గంటసేపు కదపకుండా ఉంచండి. గుంపుకట్టని కణాలు అడుగున గుండీలా చిన్న ఎర్రచుక్కగా చేరతాయి. గుంపుకడితే అడుగంతా పలుచగా పరుచుకుంటాయి. అనుమానం వస్తే ప్లేటును కాస్త వంచండి. గుండీ అయితే కన్నీటి బొట్టులా జారుతుంది. పరుచుకున్నది జారదు. ఎనిమిదో వెల్ వరకూ పరుచుకుంటే టైటర్ (గుంపుకట్టించగల చివరి పలుచన) 256.

మీకు జరిగింది మూడోది: ద్రవమంతా ఎర్రగా మారడం, గుండీ లేదు, పరుపూ లేదు. అది లెక్టిన్ పని కాదు. హాలిక్లోనా, దాని దగ్గరి జాతుల స్పాంజిల్లో పాలీ-ఆల్కైల్‌పిరిడీనియం లవణాలు ఉంటాయి. సబ్బు నురగలా పొరలను చీల్చి ఎర్రకణాలను పగలగొడతాయి. వాటిలో కొన్నిటి అణుభారం వేలల్లో ఉంటుంది, కాబట్టి 12 వేల అణుభారం హద్దుగా ఉన్న డయాలసిస్ సంచిలోంచి అవి పూర్తిగా బయటికి పోవు. అమ్మోనియం సల్ఫేట్ అవక్షేపాన్ని అఫినిటీ కాలమ్ (లెక్టిన్ పట్టుకునే చక్కెరలు నింపిన గొట్టం) మీదకి ఎక్కించి, పట్టుకోనిదంతా కడిగేయడమే మందు. కాలమ్ ఖరీదని భయపడకండి. గోరుచిక్కుడు గింజల గమ్‌ను ఎపిక్లోరోహైడ్రిన్‌తో గట్టిపరిస్తే గాలక్టోజ్ రకం లెక్టిన్లకు చక్కటి కాలమ్ అవుతుంది. ఎపిక్లోరోహైడ్రిన్ విషం, ఫ్యూమ్‌హుడ్‌లోనే వాడాలి. కాలమ్ నుంచి బయటికొచ్చే ద్రవపు శోషణం 280 నానోమీటర్ల దగ్గర 0.02 కన్నా కిందికి దిగేదాకా కడిగి, 0.2 మోలార్ గాలక్టోజ్ లేదా లాక్టోజ్‌తో లెక్టిన్‌ను దించండి.

దించాక వెంటనే పరీక్ష పెట్టి, గుంపుకట్టడం లేదు, లెక్టిన్ పోయింది అనుకునేవాళ్లు ప్రతి ఏడూ కనిపిస్తారు. దించడానికి వాడిన చక్కెరే లెక్టిన్ చేతులను మూసేసి ఉంటుంది. రెండు రోజులు, నాలుగైదుసార్లు బఫర్ మార్చి డయాలసిస్ చేశాకే చూడండి. 100 గ్రాముల స్పాంజి నుంచి చేతికి వచ్చేది సాధారణంగా కొన్ని మిల్లీగ్రాములే.

చక్కెర ఇష్టం తేల్చడానికి లెక్టిన్‌ను నాలుగు గుచ్ఛీకరణ యూనిట్లకు పలుచన చేయండి. 200 మిల్లీమోలార్ నుంచి సగం సగం తగ్గే చక్కెరతో అరగంట కలిపి ఉంచి, తర్వాత ఎర్రకణాలు చేర్చండి. గాలక్టోజ్, లాక్టోజ్, మానోజ్, గ్లూకోజ్, ఫ్యూకోజ్, రెండు ఎన్-అసిటైల్ చక్కెరలు చాలు. ఏదీ ఆపలేదని నిరాశపడొద్దు. చాలా స్పాంజి లెక్టిన్లు ఒంటరి చక్కెరను లెక్కచేయవు. పంది జీర్ణాశయపు మ్యూసిన్, ఆసియాలోఫెట్యుయిన్ లాంటి గొలుసులు నిండిన ప్రోటీన్లతో ప్రయత్నించండి.

మేం తీసిన స్పాంజి లెక్టిన్‌తో మాక్రోఫేజ్ కణాల్లో టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6 విపరీతంగా పెరిగాయి. గైడ్ గారు పేపర్ రాద్దాం అంటున్నారు. రాయొచ్చా? (పరిశోధక విద్యార్థి, తిరుపతి)

ఇప్పుడే వద్దు. మీరు కొలిచింది లెక్టిన్ ప్రభావమో, బ్యాక్టీరియా ఎండోటాక్సిన్ ప్రభావమో ఇంకా తెలియదు. కొన్ని స్పాంజి జాతుల్లో బరువులో మూడోవంతుకు పైగా బ్యాక్టీరియానే. వాటిలో గ్రామ్-నెగటివ్ రకాల పైపొరలో లైపోపాలీశాకరైడ్, అంటే ఎల్‌పీఎస్ ఉంటుంది. ఎండోటాక్సిన్ అంటే ఇదే. మాక్రోఫేజ్ (సూక్ష్మజీవులను మింగే తెల్లకణం) తన మీది టీఎల్‌ఆర్4 గ్రాహకంతో దాన్ని పసిగట్టగానే సరిగ్గా మీరు చెప్పిన రెండు సైటోకైన్‌లనే, అంటే సంకేత ప్రోటీన్లనే, వదులుతుంది.

లెక్క వేయండి. మీ లెక్టిన్ మైక్రోగ్రాముకు 10 యూనిట్ల ఎండోటాక్సిన్ ఉందనుకుందాం, శుద్ధి సరిగా లేని నమూనాలో ఇది మామూలే. మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాముల లెక్టిన్ పోస్తే 500 యూనిట్లు చేరాయి. ఒక యూనిట్ సుమారు 0.1 నానోగ్రామ్, కాబట్టి 50 నానోగ్రాముల ఎల్‌పీఎస్. పాజిటివ్ కంట్రోల్‌గా మనం పోసేదే 100 నానోగ్రాములు. మనిషి మోనోసైట్లయితే 0.1 నానోగ్రామ్ కన్నా తక్కువకే స్పందిస్తాయి. లెక్టిన్ ఊసే లేకుండా మీ గ్రాఫ్ మొత్తం వచ్చేయగలదు.

మొదట కొలవండి. ఎండోటాక్సిన్‌ను కొలవడానికి గుర్రపుడెక్క పీత రక్తం నుంచి వచ్చే ఎల్ఏఎల్ కిట్ వాడితే రెండు ఉచ్చులున్నాయి. బీటా-గ్లూకాన్‌లు కూడా ఆ కిట్‌ను వెలిగిస్తాయి, అందుకని గ్లూకాన్ నిరోధకం ఉన్న బఫర్ గానీ, రికాంబినెంట్ ఫ్యాక్టర్-సి కిట్ గానీ తీసుకోండి. రెండోది ఇంతకన్నా మోసం: మీ లెక్టిన్ ఎల్‌పీఎస్ మీది చక్కెరలనే పట్టుకుని దాన్ని దాచేసి, తక్కువ చూపించవచ్చు. తెలిసినంత ఎండోటాక్సిన్ కలిపి మళ్లీ కొలిచి, అందులో 50 నుంచి 200 శాతం తిరిగి కనబడితేనే ఆ అంకెను నమ్మండి.

తర్వాత తొలగించండి. లెక్టిన్ కాలమ్ మీద పట్టుకుని ఉన్నప్పుడే 4 డిగ్రీల్లో 0.1 శాతం ట్రైటన్ ఎక్స్-114 కలిపిన బఫర్‌తో కాలమ్ ఘనపరిమాణానికి 50 రెట్లు కడిగి, ఆ డిటర్జెంట్ పోయేదాకా మామూలు బఫర్‌తో ఇంకో 20 రెట్లు కడగడం మాకు నచ్చిన దారి. ప్రోటీన్ నష్టం తక్కువ. ఇప్పటికే దించేసిన లెక్టిన్ అయితే 1 శాతం ట్రైటన్ ఎక్స్-114 కలిపి, చల్లగా అరగంట తిప్పి, 37 డిగ్రీల్లో పది నిమిషాలు ఉంచండి. ద్రవం పాలలా మారుతుంది. చల్లబడనివ్వకుండా సెంట్రిఫ్యూజ్ చేస్తే ఎల్‌పీఎస్‌తో సహా డిటర్జెంట్ అడుగుకు చేరుతుంది. పై పొర తీసుకుని ఇదే రెండు మూడుసార్లు. సెంట్రిఫ్యూజ్ 4 డిగ్రీల్లో ఉంటే రెండు పొరలు మళ్లీ కలిసిపోతాయి, ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. మిగిలిన డిటర్జెంట్‌ను పీల్చే పూసలతో తీసేయండి, లేకపోతే అదే కణాలను చంపుతుంది. గాజుసామాను 250 డిగ్రీల్లో అరగంట కాల్చాలి. ఆటోక్లేవ్ ఎల్‌పీఎస్‌ను ఏమీ చేయలేదు.

కణాల మీద ఎలాగూ ఈ కంట్రోళ్లు ఉండాలి. లెక్టిన్‌తో పాటు 10 మైక్రోగ్రాముల పాలీమిక్సిన్-బి (ఎల్‌పీఎస్‌ను ఆపే యాంటీబయాటిక్) ఒక వరుసలో, పాలీమిక్సిన్ ఒక్కటే మరో వరుసలో, ఎల్‌పీఎస్‌తో పాలీమిక్సిన్ ఇంకో వరుసలో. 100 డిగ్రీల్లో అరగంట ఉడికించిన లెక్టిన్ మరొకటి. ఉడికించాక కూడా టీఎన్‌ఎఫ్ అంతే వస్తే అనుమానం ఎల్‌పీఎస్ మీదకే, వేడిని తట్టుకునే లెక్టిన్ కాదని ఎర్రకణాల పరీక్షతో నిర్ధారించుకుంటే చాలు. వీలైతే టీఎల్‌ఆర్4 పనిచేయని సీ3హెచ్/హెచ్ఈజే ఎలుకల మాక్రోఫేజ్‌లతో చేయండి, అది అన్నిటికన్నా గట్టి సాక్ష్యం. పాలీమిక్సిన్ ఎల్‌పీఎస్‌నే ఆపుతుంది, టీఎల్‌ఆర్2 ద్వారా పనిచేసే బ్యాక్టీరియా లైపోప్రోటీన్లను ఆపదు.

అన్నిటికన్నా ముఖ్యమైన వరుస చక్కెరది. గాలక్టోజ్ రకం అయితే లెక్టిన్‌ను 20 నుంచి 50 మిల్లీమోలార్ లాక్టోజ్‌తో అరగంట కలిపి, ఆ తర్వాత కణాల మీద పోయండి. పక్కనే అంతే గాఢతలో సుక్రోజ్ వరుస ఉండాలి. లాక్టోజ్ ఆపి, సుక్రోజ్ ఆపకపోతే, అప్పుడు అది లెక్టిన్ పని. 100 మిల్లీమోలార్ దాటకండి. మాధ్యమం ఆస్మోలారిటీ (కరిగి ఉన్న కణికల మొత్తం గాఢత) మూడోవంతు పెరిగి కణాలు ముడుచుకుంటాయి, దాన్నే లాక్టోజ్ ఆపిందని పొరబడతారు. ఇవన్నీ పెట్టాక కూడా టీఎన్‌ఎఫ్ నిలబడితే మీ గైడ్ గారి మాట ప్రకారం రాయండి.

లింఫోసైట్లు లెక్కపెడితే ఒక్కోసారి ఒక్కో సంఖ్య. ఎంటీటీలో పెరుగుదల, ట్రైపాన్ బ్లూలో తగ్గుదల. ఎక్కడ తప్పు? (ల్యాబ్ సహాయకుడు, గుంటూరు)

లెక్టిన్ కణాలను గుంపుకట్టించింది, మీరు ట్రైపాన్ బ్లూ (చచ్చిన కణాలకే పట్టే రంగు) వేసి గుంపును ఒకటిగా లెక్కపెట్టారు. లెక్కకు ముందు 0.1 మోలార్ గాలక్టోజ్, లేదా మీ లెక్టిన్‌ను ఆపే చక్కెర ఏదైతే అది, కలిపి పది నిమిషాలు ఉంచి నెమ్మదిగా పైపెట్‌తో కలియబెట్టండి. గుంపులు విడిపోతాయి. ఎంటీటీ రంగు పరీక్ష కణాల సంఖ్యను కాదు, వాటి జీవక్రియ వేగాన్ని చూపుతుంది. ఉత్తేజితమైన లింఫోసైట్ విభజన చెందకముందే ఎక్కువ రంగు ఇస్తుంది. విభజన తేల్చాలంటే కణం విడిపోయేకొద్దీ సీఎఫ్‌ఎస్‌ఈ రంగు పలుచనవడం గానీ, కొత్త డీఎన్ఏలో చేరే బీఆర్‌డీయూ గానీ చూడండి. ఫ్లో సైటోమీటర్‌లో జంట కణాలను వేరుచేసే గేటు పెట్టకుండా అంకె తీసుకోవద్దు.

రక్తం నుంచి కణాలు తీసేటప్పుడు సమాన పరిమాణం బఫర్‌తో పలుచన చేసి 1.077 సాంద్రత ఉన్న ఫైకాల్ ద్రవం మీద పరిచి, 20 డిగ్రీల్లో 400 జి, 30 నిమిషాలు, బ్రేక్ తీసేసి తిప్పండి. బ్రేక్ ఉంటే పొర చెదురుతుంది. వెల్‌కు 2 లక్షల కణాలు సరిపోతాయి. టీఎన్‌ఎఫ్ కోసం 4 నుంచి 6 గంటలకు, ఐఎల్-2 కోసం 24 గంటలకు, విభజన కోసం 72 గంటలకు చూడాలి. పశువుల సీరంలో చక్కెర గొలుసులున్న ప్రోటీన్లు దండిగా ఉంటాయి, అవే మీ లెక్టిన్‌ను సగం మింగేస్తాయి. మొదటి గంట సీరం లేకుండా పెట్టి, తర్వాత కలిపి చూడండి. మనుషుల రక్తం వాడాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే ఉండాలి.

మరో చిన్న ప్రమాదం: లెక్టిన్ సీసాలో బూజు పట్టకుండా వేసిన 0.02 శాతం సోడియం అజైడ్. అది కణాల శ్వాసక్రియనే ఆపుతుంది. డయాలసిస్‌తో తీసేశాకే కల్చర్‌లో వాడాలి. లెక్టిన్ చంపుతోందని చెప్పిన కొన్ని ఫలితాల వెనక ఈ అజైడే ఉంటుంది.

సముద్రపు స్పాంజి ప్రోటీన్‌తో ఇమ్యూనిటీ పెరుగుతుందని క్యాప్సూల్ అమ్ముతున్నారు. కొనొచ్చా? (గృహిణి, వరంగల్)

కొనకండి. స్పాంజి లెక్టిన్ ఏదీ మనుషుల మందుగా ఆమోదం పొందలేదు. పైన చెప్పినవన్నీ గాజుగిన్నెల్లో, జంతువుల్లో జరిగిన పనులు.

స్పాంజి నుంచి క్యాన్సర్ మందులు వచ్చాయని చదివాం. అవి లెక్టిన్లేనా? ఆల్ఫా-గాలక్టోసిల్‌సెరమైడ్ కూడా స్పాంజిదే కదా? (సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, హ్యూస్టన్)

మందులు నిజమే, లెక్టిన్లు మాత్రం కావు. కరీబియన్ స్పాంజిలో 1950ల మొదట్లో వెర్నర్ బెర్గ్‌మన్ కనుగొన్న అసాధారణ న్యూక్లియోసైడ్‌ల నుంచి సైటరబీన్ అనే లుకేమియా మందు ఆలోచన పుట్టింది. జపాన్ స్పాంజి హాలికోండ్రియా ఒకడై నుంచి 1986లో తీసిన హాలికోండ్రిన్-బి ఆధారంగా చేసిన ఎరిబులిన్ అనే క్యాన్సర్ మందుకు 2010లో అమెరికాలో అనుమతి వచ్చింది. అదే ఒకడై స్పాంజిలో లెక్టిన్లూ ఉండటంతో రెండూ కలగాపులగమవుతుంటాయి. ఎరిబులిన్ ప్రోటీన్ కాదు, చిన్న రసాయనం.

మీ రెండో ప్రశ్న ఇంకా బాగుంది, ఎందుకంటే అక్కడ పాత్రలు తారుమారవుతాయి. ఒకినావా తీరాన దొరికిన అజెలాస్ స్పాంజిలో చక్కెర అతుక్కున్న కొవ్వులను జపాన్‌లో కిరిన్ సంస్థ పరిశోధకులు 1990ల మొదట్లో వేరుచేశారు. వాటిని సులువు చేసి తయారుచేసిందే ఆల్ఫా-గాలక్టోసిల్‌సెరమైడ్. ఇక్కడ చక్కెర స్పాంజిది, పట్టుకునే ప్రోటీన్ మనది: సీడీ1డి అనే అణువు ఆ కొవ్వును తనలో ఇరికించుకుని పైకి చూపిస్తే, ఎన్‌కేటీ కణం (టి-కణాల్లో ఒక ప్రత్యేక రకం) గాలక్టోజ్ భాగాన్ని గుర్తించి గంటల్లోనే ఇంటర్‌ఫెరాన్-గామా, ఐఎల్-4 అనే సైటోకైన్‌లు రెంటినీ కుమ్మరిస్తుంది. ఇది 1997లో తేలింది. చక్కెర దిశ కూడా ముఖ్యమే. ఆల్ఫా బంధం బదులు మన ఒంట్లో మామూలుగా ఉండే బీటా బంధం పెడితే ఆ తీవ్రత రాదు. ఈ కొవ్వు కూడా కొన్ని స్పాంజి బ్యాక్టీరియా తయారుచేసిందే కావచ్చని చాలామంది అనుమానం.

లెక్టిన్లు ప్రమాదమని పప్పుధాన్యాలు మానేయమంటున్నారు. రాజ్మా తినొచ్చా? (పాఠకురాలు, కరీంనగర్)

తినండి, సరిగా ఉడికించి. పచ్చి రాజ్మాలో పైన చెప్పిన పీహెచ్ఏ బాగా ఉంటుంది. సరిగా ఉడకని నాలుగైదు గింజలు తిన్నా కొద్ది గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో బుడగలు వచ్చేలా కనీసం 10 నిమిషాలు, నిశ్చింతగా ఉండాలంటే అరగంట మరిగించాలి. ప్రెషర్ కుక్కర్‌లో మామూలుగా మెత్తబడేదాకా ఉడికిస్తే బెంగే లేదు. ప్రమాదమల్లా ఎలక్ట్రిక్ స్లో కుక్కర్‌తో. అది 75, 80 డిగ్రీల దగ్గరే గంటలు గంటలు ఉంచుతుంది, గింజ మెత్తబడినట్టే కనిపిస్తుంది కానీ లెక్టిన్ చావదు. స్లో కుక్కరే వాడాలనుకుంటే రాజ్మాను ముందు పొయ్యి మీద మరిగించి, తర్వాత అందులో వేయండి.